సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజు: సెలైన్, మన్నిటాల్, మూత్రం లెక్క

క్యాన్సర్‌కి వాడే కీమో మందు సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజు పేషెంటు పక్కన కూర్చునే మనిషి ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు తెచ్చుకోవాలి. ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని రాసుకోవడమే ఆ రోజు మీ డ్యూటీ. నేను కీమో డే కేర్‌లో మందులు కలిపే ఫార్మసిస్టుని. మిగతా కీమో మందుల వాళ్ళకి నేను ఇంత గట్టిగా చెప్పను. ఈ ఒక్క మందు విషయంలో మాత్రం నీళ్ళు కూడా మందే.

ఎందుకో ముందు చెబుతాను, అర్థమైతే మిగతాదంతా మీకే గుర్తుంటుంది. సిస్‌ప్లాటిన్ అంటే ప్లాటినం లోహంతో చేసిన మందు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియా మీద కరెంటు ప్రయోగం చేస్తుంటే, ప్లాటినం కడ్డీల నుంచి కరిగిన పదార్థం వల్ల ఆ క్రిములు రెండుగా విడిపోవడం మానేశాయి. క్యాన్సర్ కణాన్నీ అలాగే ఆపవచ్చని తర్వాత తేలింది. కానీ 1970ల మొదట్లో మనుషులకి ఇచ్చి చూస్తే గడ్డలు కరుగుతున్నా కిడ్నీలు పాడవుతున్నాయి. మందుని పక్కన పెట్టేసే పరిస్థితి వచ్చింది. 1977లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి డాక్టర్లు, బాగా సెలైన్ ఎక్కించి, మన్నిటాల్‌తో మూత్రం ధారగా వచ్చేలా చేస్తే పెద్ద డోసు కూడా ఇవ్వవచ్చని చూపించారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే ఈ మందు బతికి బయటపడిందే నీళ్ళ వల్ల.

కిడ్నీలో ఉండే సన్నటి గొట్టాల కణాలు ఈ మందుని తమలోకి లాక్కుంటాయి. రక్తంలో ఉన్నదానికి దాదాపు ఐదు రెట్లు అక్కడ పేరుకుంటుంది. సెలైన్ దాన్ని పలచన చేస్తుంది, పైగా సెలైన్‌లోని ఉప్పు మందుని నిలకడగా ఉంచుతుంది. అందుకే సిస్‌ప్లాటిన్‌ని ఉప్పు లేని ఉత్త గ్లూకోజు బాటిల్లో కలపరు. మన్నిటాల్ ఒక రకం చక్కెర లాంటిది. నరంలోకి ఎక్కిస్తే ఒంటికి పట్టదు. కిడ్నీ వడపోతలో దిగి, వెంట నీళ్ళని లాక్కుని బయటికి పోతుంది. మందు కిడ్నీ గొట్టాల్లో తిష్ట వేయకుండా తోసేస్తుంది.

అయితే మన్నిటాల్ నీళ్ళు లాగుతుందే గానీ నీళ్ళు పోయదు. తగినంత సెలైన్ లేకుండా మన్నిటాల్ ఒక్కటే ఇస్తే మనిషి ఎండిపోతాడు, కిడ్నీకి మేలు బదులు కీడే జరుగుతుంది.

ఇంకొక మాట. అందరికీ మన్నిటాల్ పెట్టరు. రేడియేషన్‌తో పాటు వారానికోసారి చిన్న డోసు తీసుకునేవాళ్ళకి చాలాచోట్ల సెలైన్, మెగ్నీషియం, పొటాషియం ఇచ్చి సరిపెడతారు. మూడు వారాలకోసారి పెద్ద డోసు పడేవాళ్ళకి, బీపీ ఉన్నవాళ్ళకి మన్నిటాల్ గురించి ఆలోచిస్తారు. గుండె బలహీనంగా ఉంటే, మూత్రం ఆగిపోయి ఉంటే అసలు పెట్టకూడదు. "పక్క బెడ్ ఆయనకి పెట్టారు, మా అమ్మకి ఎందుకు పెట్టలేదు?" అని సిస్టర్‌తో గొడవపడేవాళ్ళని వారానికి ఒకరినైనా చూస్తాను. అడగండి, తప్పులేదు. కానీ పెట్టలేదంటే నిర్లక్ష్యం అనుకోకండి. నన్నడిగితే, సిస్‌ప్లాటిన్ వల్ల ఒంట్లో మెగ్నీషియం తగ్గిపోతుంది కాబట్టి, మన్నిటాల్ కంటే మెగ్నీషియం వేశారా లేదా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

మొదటి అడుగు: వారం ముందే మందుల సంచి తెరవండి

ఇంట్లో పేషెంటు వాడే మందులన్నీ, సగం వాడి పడేసిన స్ట్రిప్పులతో సహా, సంచిలో వేసుకుని ఓపీకి తీసుకెళ్ళండి. డాక్టరుగారి ముందు బల్ల మీద పోయండి. పేర్లు చెప్పడం కంటే ఇదే మేలు.

ముఖ్యంగా వెతకాల్సింది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే దెబ్బ రెట్టింపు. మోకాళ్ళ నొప్పులకి రోజూ ఒకటి వేసుకునే పెద్దవాళ్ళు దాన్ని మందుగా లెక్కే వేయరు, అడిగితే "నేనేం మందులు వాడట్లేదు బాబూ" అంటారు. రెండోది, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూదులు. జ్వరానికో, నీరసానికో వేసే సూదుల్లో జెంటామైసిన్, అమికాసిన్ ఉండవచ్చు. అవి కిడ్నీనీ చెవినీ రెండింటినీ దెబ్బతీస్తాయి, సిస్‌ప్లాటిన్ దెబ్బ కూడా సరిగ్గా అక్కడే. మూడోది భస్మాలు, పసరు మందులు. అందులో ఏముందో చీటీ మీద ఉండదు కాబట్టి కీమో జరిగినన్నాళ్ళు ఆపండి.

బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపకండి, అలాగని డాక్టరుగారిని అడగకుండా కొనసాగించకండి కూడా. కీమో రోజున, తర్వాతి రోజుల్లో ఏది వేసుకోవాలో, ఏది వద్దో కాగితం మీద రాయించుకోండి. మూర్ఛ మాత్ర ఫెనిటోయిన్ వాడేవాళ్ళు తప్పకుండా చెప్పాలి, సిస్‌ప్లాటిన్ వల్ల దాని మోతాదు రక్తంలో తగ్గిపోవచ్చు. రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ఆ వారంలోనే ఉంటే ఆ తేదీ కూడా చెప్పండి.

గుండెకి స్టెంటు వేశారా, పడుకుంటే ఆయాసం వస్తుందా, కాళ్ళు వాస్తాయా, ప్రోస్టేట్ వల్ల మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తుందా? ఇవి ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. రెండు మూడు లీటర్ల సెలైన్, దాని మీద మన్నిటాల్ ఎవరికి సరిపోతాయో తేల్చేది ఈ జవాబులే.

చెవి పరీక్ష కూడా మొదటి డోసుకి ముందే చేయించమని అడగండి. తర్వాత వినికిడి తగ్గితే పోల్చుకోవడానికి పాత రిపోర్టు ఉండాలి.

రెండో అడుగు: క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపే వ్యర్థం. ల్యాబ్ కాగితం మీద క్రియాటినిన్ 1.1 అని ఉండి పక్కన నార్మల్ అని ఉంటుంది. అది సగం కథ. వయసు, బరువు కలిపి లెక్క కట్టాలి. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క అంటారు: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. అలా వచ్చేదే క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంచనా.

నలభై ఏళ్ళు, 75 కిలోలు ఉన్న మగమనిషికి క్రియాటినిన్ 1.1 అయితే ఈ లెక్క నిమిషానికి 95 మి.లీ. దాకా వస్తుంది, దివ్యంగా ఉన్నట్టు. అదే 1.1 అంకె 58 ఏళ్ళ, 45 కిలోల ఆవిడకి ఉంటే వచ్చేది సుమారు 40. చాలామంది డాక్టర్లు 50, 60 కంటే తక్కువుంటే పూర్తి డోసు సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి వెనకాడతారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగి అంగిట్లో పుండుతో వచ్చే ముసలమ్మలు చాలామంది ఈ రెండో కోవే. తిండి దిగక బక్కచిక్కి ఉంటారు, కండ లేక క్రియాటినిన్ తక్కువ చూపిస్తుంది. కాబట్టి "క్రియాటినిన్ క్లియరెన్స్ ఎంత వచ్చిందండీ?" అని ఆ మాటతోనే అడగండి. డోసు మార్చాలని చెప్పడానికి కాదు, మీ నోటుపుస్తకంలో రాసుకోవడానికి.

దాంతో పాటు రక్తకణాలు, సోడియం, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు. మెగ్నీషియం పరీక్షని చాలాచోట్ల మర్చిపోతారు, గుర్తుచేయండి. ఈ పరీక్షలకి పరగడుపున ఉండక్కర్లేదు.

మూడో అడుగు: ముందు రోజు

కీమో అంటే ఆపరేషన్‌లా ఖాళీ కడుపుతో రావాలనుకుని, రాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టకుండా, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. మే నెలలో అయితే చెప్పక్కర్లేదు. నోరు పిడచకట్టుకుపోయిన మనిషిని బెడ్ మీద పడుకోబెడితే మొదటి సెలైన్ బాటిల్ ఆ దాహం తీర్చడానికే సరిపోతుంది.

డాక్టరుగారు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, ముందు రోజు రెండు, రెండున్నర లీటర్లు తాగించండి. లీటరు సీసా ఒకటి కేవలం పేషెంటుకే కేటాయించి, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు నింపారో గీతలు పెట్టండి. మజ్జిగ, రాగిజావ, బార్లీ నీళ్ళు, రసం అన్నీ లెక్కలోకే వస్తాయి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తుంటే లెక్క ఇంకా సులువు, 50 మి.లీ. సిరంజి ఎన్నిసార్లు పోశారో రాసుకుంటే చాలు. కీమో రోజు పొద్దున తేలిగ్గా రెండు ఇడ్లీలు తిని రండి. వాంతులు రాకుండా ముందే వేసుకోమని అప్రెపిటెంట్ లాంటి గుళిక ఇచ్చి ఉంటే చీటీలో రాసిన టైముకి వేసుకోండి. సాధారణంగా అది కీమోకి గంట ముందు.

నాలుగో అడుగు: బాటిళ్ళ వరస

బెడ్ మీదకి వెళ్ళే ముందు బరువు చూపించి రాసుకోండి. సాయంత్రం మళ్ళీ చూడాలి.

వరస ఆసుపత్రిని బట్టి మారుతుంది, కానీ ఇంచుమించు ఇలా ఉంటుంది: ముందు ఒక లీటరు దాకా సెలైన్, అందులో మెగ్నీషియం, పొటాషియం. మధ్యలో వాంతుల సూదులు. పెట్టేవాళ్ళకి మన్నిటాల్. తర్వాత సిస్‌ప్లాటిన్. ఆఖర్న మళ్ళీ సెలైన్. మొత్తం ఐదారు గంటలు, పెద్ద డోసైతే ఇంకా ఎక్కువ.

కీమో బాటిల్ తగిలించేటప్పుడు పేషెంటు పేరు, మందు పేరు పైకి చదవమని సిస్టర్‌ని అడగండి. కార్బోప్లాటిన్ అని ఇంకో మందుంది. పేరు చెవికి దాదాపు ఒకటే, డోసు అంకెలు మాత్రం పూర్తిగా వేరు. ఆ రెండూ తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. పైకి చదివించుకోవడం ఎవరినీ అనుమానించడం కాదు. మేము లోపల కలిపేటప్పుడు కూడా ఇద్దరం చదువుతాం.

మన్నిటాల్ బాటిల్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి. మా దగ్గర వచ్చేది ఎక్కువగా 20 శాతం 100 మి.లీ. బాటిల్, అంటే 20 గ్రాములు. ఏసీ గదిలోనో, చలికాలంలోనో ఉంచితే అడుగున పటిక బెల్లం పలుకుల్లా గడ్డకడుతుంది. అలా కనిపిస్తే సిస్టర్‌కి చూపించండి. వేడినీళ్ళలో ఉంచి పూర్తిగా కరిగించి, ఒంటి వేడికి చల్లార్చాకే, వడపోత ఉన్న సెట్టుతో ఎక్కించాలి. పలుకులు కరగకపోతే ఆ బాటిల్ పారేయాలి. ఆ మన్నిటాల్ బాటిల్లోకి పొటాషియం కూడా కలపకూడదు, మళ్ళీ గడ్డకడుతుంది.

సిస్‌ప్లాటిన్ సంగతి దీనికంటే ఇంకొంచెం వింతగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుంది, అల్యూమినియం తగిలితే నల్లగా విరుగుతుంది. బయట కొని తెమ్మని చీటీ రాస్తే, షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తే తీసుకోకండి. ఇంటికి తెచ్చాక జాగ్రత్తకని మీరూ ఫ్రిజ్‌లో పెట్టకండి. డబ్బాలోనే, వెలుతురు తగలకుండా ఉంచండి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. నాలుగు గంటల బస్సు ఉందని, డ్రిప్ కింద ఉండే చక్రాన్ని అటెండెంట్లే తిప్పేస్తుంటారు. ఆ బాటిల్లో పొటాషియం ఉంటుంది. అది జోరుగా పోతే గుండె ఆగిపోగలదు. చక్రం జోలికి పోకండి. బస్సు పోతే ఇంకో బస్సు ఉంటుంది.

సూది ఉన్నచోట మంట, వాపు, చల్లదనం అనిపిస్తే వెంటనే చెప్పమని పేషెంటుకి ముందే చెప్పి ఉంచండి. ఒళ్ళు దద్దుర్లెక్కడం, ఛాతీ పట్టేయడం, ఊపిరి ఆడకపోవడం అయితే అరిచి పిలవాలి.

ఐదో అడుగు: మగ్గుతో కొలవడం

నోటుపుస్తకంలో పేజీని మూడు గడులు చేయండి: టైము, లోపలికి, బయటికి. తొమ్మిదికి సెలైన్ మొదలు. పదికి మజ్జిగ 200. పదిన్నరకి ఒంటికి వెళ్ళారు, 250. ఇలా. గంటకి కనీసం 100 మి.లీ. మూత్రం రావాలన్నది గుర్తు. చాలాచోట్ల ఆ ధార మొదలయ్యాకే సిస్‌ప్లాటిన్ తగిలిస్తారు, అయ్యాక కూడా కొన్ని గంటలు అలాగే రావాలి. ప్రతిసారీ లెక్క సరిపోనక్కర్లేదు, కానీ రెండు గంటలు గడిచినా ఒంటికి వెళ్ళలేదంటే సిస్టర్‌కి చెప్పాల్సిందే.

ఆడవాళ్ళ దగ్గర అసలు చిక్కు ఇక్కడే. బాత్‌రూమ్ వరండా చివర ఉంటుంది, చేతికి డ్రిప్ ఉంటుంది, తోడు ఎవరినైనా లేపాలి. అందుకని ఆపుకుంటారు. ఆపుకోలేక తాగడమే మానేస్తారు. నోరు తెరిచి చెప్పరు. కాబట్టి ప్రతి గంటకీ మీరే "పదమ్మా, వెళ్ళొద్దాం" అని స్టాండు పట్టుకుని లేవండి. కుదరకపోతే తెర లాగి బెడ్‌పాన్ అడగండి.

మూత్రం తక్కువొస్తుంటే కొందరు "లాసిక్స్ సూది వేయండి, వచ్చేస్తుంది" అని అడుగుతారు. లాసిక్స్ అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు. సెలైన్ సరిపోక తక్కువొస్తుంటే లాసిక్స్ వేయడం ఎండిన బావిని తోడటమే. పైగా లాసిక్స్ కూడా చెవికి హాని చేయగలదు, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే మరీను. ఒంట్లో నీరు నిలిచి ఆయాసం వచ్చినప్పుడు డాక్టరుగారే వేస్తారు. ఇంట్లో ఉన్న లాసిక్స్ మాత్ర మాత్రం చెప్పకుండా వేయకండి.

సాయంత్రం బరువు పొద్దుటి కంటే రెండు కిలోలు పెరిగినా, కాళ్ళు ఉబ్బినా, దగ్గుతో ఆయాసం మొదలైనా డిశ్చార్జి కాగితం తీసుకునే ముందు చూపించండి.

ఆరో అడుగు: ఇంట్లో ఐదు రోజులు

మొదటి రోజు వాంతులు లేవని సంబరపడి మాత్రలు ఆపేస్తారు. ఈ మందుకి రెండో రోజు, మూడో రోజు అసలు గడ్డుకాలం. వికారం ఐదు రోజుల దాకా ఉండొచ్చు. కాబట్టి వాంతుల మాత్రలు వాంతి వచ్చాక కాదు, గడియారం చూసి వేయండి. చీటీలో ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వేయాలి.

నీళ్ళు గ్లాసులకి గ్లాసులు పట్టిస్తే డోకు వస్తుంది. అర గంటకోసారి అర గ్లాసు. ఉత్త నీళ్ళు లోహం రుచి వస్తున్నాయంటే నిమ్మకాయ పిండండి, నోట్లో పుళ్ళుంటే పలచటి మజ్జిగ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్ళు రాసి ఉంటే సరిగ్గా అంతలోనే కలపండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రిపోర్టు తేడాగా ఉన్నవాళ్ళు అడిగి తాగాలి. రోడ్డు మీద చెరకురసం, ఐసు వద్దు, రక్తకణాలు తగ్గే రోజులివి.

మొదటి రెండు రోజులు మూత్రంలో, వాంతిలో మందు ఉంటుంది. మగవాళ్ళు కూడా కూర్చునే వెళ్ళాలి, చిందకుండా. మూతేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి, ఫ్లష్ లేకపోతే రెండు బకెట్లు పోయండి. మగ్గు, బట్టలు శుభ్రం చేసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణి కోడలుంటే ఆ పని ఆ అమ్మాయికి చెప్పకండి.

పిక్కలు పట్టేయడం, వేళ్ళు కొంకర్లు పోవడం, చేతులు వణకడం, గుండె దడ ఉంటే మెగ్నీషియం తగ్గిందేమో చూడాలి. చెవిలో ఈలలాంటి మోత, టీవీ సౌండు పెంచమనడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, కాళ్ళు తిమ్మిరెక్కి చెప్పులు జారిపోవడం. వీటిని "వయసు" అని తోసేయకుండా తర్వాతి డోసుకి ముందే చెప్పండి. పోయిన వినికిడి తిరిగి రావడం కష్టం.

ఏడో అడుగు: తర్వాతి డోసుకి ముందు

క్రియాటినిన్ మరుసటి రోజే పెరగాలని లేదు, రెండో వారంలో కూడా పెరుగుతుంది. అందుకే పాత రిపోర్టుతో కొత్త డోసు పెట్టించుకోకూడదు. అంకె పెరిగితే డాక్టర్లు వాయిదా వేస్తారు, తగ్గిస్తారు, లేదా కార్బోప్లాటిన్‌కి మారుస్తారు. కోర్సు ఆగిపోతుందని భయపడి, పరీక్ష ముందు రాత్రి కూర్చోబెట్టి ఐదారు లీటర్లు తాగించినవాళ్ళున్నారు. దానివల్ల సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

ఇక నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఇవి రాసి ఉంచండి. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా అర్ధరాత్రయినా బయల్దేరాలి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే వెళ్ళాల్సివస్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకి చూపించడానికి దాని కిందే ఈ నాలుగు లైన్లు: సిస్‌ప్లాటిన్ ఫలానా తేదీన ఎక్కించారు. ఆఖరి క్రియాటినిన్ ఇంత. డైక్లోఫెనాక్ సూది వద్దు. జెంటామైసిన్, అమికాసిన్ వేసే ముందు మా క్యాన్సర్ డాక్టరుగారికి ఈ నంబరుకి ఫోన్ చేయండి.